పిట్ట కడుపులో కవిత

“కొనుక్కుందా?” వీధి తలుపు తీస్తూనే అడిగింది వదిన. ఆఫీసు నుంచి వచ్చిన మరదలు ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

“కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి వదినా! కొనుక్కోకేం? మీ పిట్టని మా ఆఫీసు పక్క దుకాణం బల్ల మీద పెట్టి వెళ్ళానో లేదో, కళ్ళద్దాలావిడ ఎగరేసుకుపోయిందట.”

“కోసిందా?”

“అక్కడే కోసేసింది. చదివి కళ్ళొత్తుకుందట.”

“ఏ మాట దగ్గర?”

“ఏ మాటేమిటి, మొత్తం చదివి!”

వదిన మొహం చాటంత అయింది. మంచినీళ్ళు తెచ్చివ్వడానికి లోపలికి పరిగెత్తబోయి, మోకాలు పట్టేసి గోడ పట్టుకుని నిలబడింది.

మరదలి పురిటికి సాయం వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది వదిన. అప్పుడు పుట్టిన పాప ఇప్పుడు బడికెళ్తోంది. వంట, బట్టలు, పాప జడలు, తమ్ముడి క్యారేజీ, అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. ఆమెని పొమ్మన్నవాళ్ళు లేరు. ఉండమని నోరు తెరిచి అడిగిన పాపాన కూడా ఎవరూ పోలేదు.

మధ్యాహ్నం గిన్నెలు కడిగాక వెనక వరండాలో కూర్చుని పిట్టలు చేస్తుంది. కాగితం గుజ్జుతో ఒళ్ళు, సందు చివర ఏరుకొచ్చిన గొడుగు ఊచలతో కాళ్ళు, తెగిపడ్డ గుండీలతో కళ్ళు, పెన్ను మూతతో ముక్కు. కడుపు బోలుగా ఉంచి, తను రాసిన కవితని చుట్టచుట్టి అందులో పెట్టి మూసేస్తుంది. పిట్ట కావాలంటే కవిత మీద ఆశ వదులుకోవాలి, కవిత కావాలంటే పిట్ట పొట్ట కోయాలి. అదీ వదిన పేచీ. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినైనా ఇబ్బంది పెట్టిందంటే ఈ ఒక్క విషయంలోనే.

“ఈసారి సిరా అయిపోయి పాప పెన్సిలుతో రాశానమ్మా. కనిపించిందో లేదోనని బెంగపడి చస్తున్నాను.”

“కనిపించకేం? అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయందట.”

ఆ కవితలో రెండే వాక్యాలు. ‘తలుపు తట్టలేదు నేను, తెరిచే ఉందేమోనని నిలబడ్డాను.’ ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, పిట్టతో తప్ప.

“ఒక్కసారి ఆవిణ్ణి చూడాలని ఉందే.”

“నేనూ అడిగించాను వదినా. రాసినవాళ్ళ మొహం చూస్తే ఇక చదవలేనందట. పెద్దవాళ్ళ చాదస్తాలు, ఏం చేస్తాం?”

బడిలో పాఠాలు చెప్పి వచ్చిన తమ్ముడు కుర్చీలో కూలబడ్డాడు. “ఇంతకీ ఆ ఫోను సంగతి ఏం చేశావక్కా? సాయంత్రంలోగా చెప్పమన్నారుగా.”

పాప బడిలో ఓసారి వదిన పిల్లలకి పిట్టలు చేయడం నేర్పింది. అది చూసిన ఒక ప్రిన్సిపాలమ్మ, పొరుగూళ్ళోని తన చేతిపనుల కాలేజీకి రమ్మంది. కూర్చుని నేర్పే పని, ఉండడానికి సొంత గది. వదిన వారమంతా ఆ గదికి కిటికీ ఎటువైపు ఉంటుందో ఊహించుకుంటూనే కూరలు తరిగింది.

“వెళ్ళండి వదినా,” అంది మరదలు. “మా కోసం ఆగకండి. మా తిప్పలేవో మేం పడతాం. కళ్ళద్దాలావిణ్ణి తలుచుకుంటేనే పాపం అనిపిస్తోంది. ఆ పిట్ట లేకపోతే తనకి వారం గడవదందట.”

“అక్కణ్ణుంచి పంపుతాలే.”

“పార్సెల్లోనా? ముక్కు ఒక చోట, కాళ్ళు ఒక చోట చేరతాయి.”

కాలేజీలో గదినిండా పిల్లలుంటారు, ముచ్చటైన పిట్టలు చేస్తారు. కానీ పొట్ట కోసి చదివే మనిషి మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఇన్నేళ్ళకి తన మాట విన్నది ఆవిడొక్కతే. ఆవిణ్ణి వదులుకోవడం వదిన వల్ల కాలేదు.

ప్రిన్సిపాలమ్మకి ఫోను చేసింది. “రాలేనండీ.”

“ఆలోచించుకునే అంటున్నారా? ఇంకొకావిడ నా ఎదురుగానే కూర్చునుంది. మీరు కాదంటే ఇప్పుడే తనకి ఇచ్చేస్తాను.”

“ఇచ్చేయండి,” అంది వదిన. ఫోను పెట్టేసింది.

“మంచి పని చేశావక్కా,” అన్నాడు తమ్ముడు. “రాత్రికి కూరేంటి?”

మరదలు మేడ మీదికి వెళ్ళి బకెట్టు మోసుకొచ్చింది. మేడ మెట్లు వదిన ఎక్కలేదు కాబట్టి, గుజ్జు పని మరదలే తన మీద వేసుకుంది. వారం వారం మేడ మీది బాత్రూములో కాగితాలు నానబెట్టి, పాత మిక్సీలో తిప్పి తెచ్చిపెడుతుంది. కన్న కూతురైనా అంత చేస్తుందా అని వదిన ఇరుగుపొరుగుతో చెప్పుకుని మురిసిపోతుంటుంది.

“మిక్సీ కాలిపోయింది వదినా. ఈసారి చేత్తోనే చింపాను. కాస్త బరకగా ఉంటుంది, సర్దుకోండి.”

“అయ్యో, ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి ఇదంతానా? చేతులు నొప్పెట్టవుటే?”

“మీకంటేనా!” అంటూ మరదలు టీవీ ముందుకి వెళ్ళిపోయింది.

వదిన వరండాలో పీట వేసుకుని కూర్చుంది. వారం వారం గుజ్జు నీలం తిరుగుతూనే ఉంది. తమ్ముడి బడిలో పారేసిన పాత నోటుపుస్తకాలు కదా, పిల్లల సిరా దిగుతుందని మరదలు ఎప్పుడో చెప్పింది. ఇవాళ మరీ ముదురుగా ఉంది. మంచిదే, రంగు వేయక్కర్లేదు. ఈసారి పిట్టని రెక్కలు విప్పి చేద్దామనుకుంది. ఆవిడ కోసమేగా ఉండిపోయింది, ఆవిడకి నచ్చాలి.

రెండు చేతులూ ముంచి పిసకసాగింది. వేళ్ళకి ఏదో గట్టిగా తగిలింది. మెదగకుండా మిగిలిపోయిన కాగితపు చుట్ట. అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మెల్లగా విప్పింది.

‘తెరిచే ఉందేమోనని’ అని ఉంది, పెన్సిలుతో.