గుడ్లగదిలో కీచురాయి

చీమల పుట్టకు వాన కబురు చెప్పేది ఒక కీచురాయి. అది గుమ్మం బయట కూర్చుని అరిచేది. కాపలా చీమ ఆ కబురు లోపల గుడ్లగదిలో ఉన్న రాణికి మోసుకెళ్లేది.

"నన్నింకా పరాయిదానిలా బయటే కూర్చోబెడతారా?" అని ఒకరోజు కీచురాయి రుసరుసలాడింది. "గుడ్లగదిలోకి రానివ్వండి. కబురు క్షణంలో చెబుతాను."

ఈ మాట రాణికి చేరవేస్తూ కాపలా చీమకు ఒళ్లు మండింది. "రాణమ్మా, బయట తిరిగొచ్చే మన చీమల్నే గుడ్ల దగ్గరికి రానివ్వం. ఉలిక్కిపడితే గెంతే దీన్ని రానిస్తామా? కబురు కాస్త ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు!"

రాణి వినలేదు. వేగమే కావాలంది.

మర్నాడే ఉరుము ఉరిమింది. "వానొస్తోంది!" అని అరుస్తూనే కీచురాయి అదిరిపడి ఎగిరింది. దాని తల తగిలి గది కప్పు కూలింది. గుడ్లతో పాటు రాణి కూడా మట్టి కింద నలిగిపోయింది.

కీచురాయి ఒళ్లు దులుపుకుంటూ బయటికొచ్చి, "కబురైతే ముందే చెప్పానా లేదా?" అంది.

"చెప్పావులే!" అని కాపలా చీమ అరిచింది. "గుమ్మం బయట గెంతి ఉంటే నీ కాలొక్కటే బెణికేది. ఇప్పుడు నీ కబురు వినడానికి లోపల ఎవరున్నారే?"