గారెలకు అడ్డుపడిన ఆవిరి గది

ప్రపంచ కరెంటు ఒప్పందం ప్రకారం మా ఇంటికి ఫిన్లాండులో ఒక జంట ఇల్లు ఉంది. రెండిళ్ళకూ కలిపి ఒకేసారి ఒక్క పెద్ద యంత్రమే నడవాలి. మామగారి తద్దినం రోజున, గారెలకు నానిన మినప్పప్పు గ్రైండరులో వేసి మీట నొక్కితే అది కదల్లేదు. పురోహితులు అప్పటికే వచ్చి కూర్చున్నారు. గారెలు లేకుండా విస్తరి వేయడం మా ఇంట కుదరదు.

గోడమీది పెట్టెలోంచి ఆ ఫిన్లాండు ఇంటాయన్ని పిలిచాను; ఆర్వో అని ఆయన పేరు. ఆయన మాటల్ని అది తెలుగులో వినిపిస్తుంది.

"ఆవిరి గదిలో కరెంటు పొయ్యి వేసుకుని కూర్చున్నానమ్మా. ఇప్పుడిప్పుడే ఒళ్ళు వేడెక్కుతోంది. ఓ గంట ఆగండి."

"తద్దినమండీ. మా మామగారికి గారెలు పెట్టాలి."

"ఓహో! పోయినాయనకు గారెలంటే అంత ఇష్టమా?"

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదండీ. నూనె ఓడుతున్నాయని ఒక్కటీ ముట్టేవారు కాదు."

"మరి నన్నెందుకమ్మా చలిలోకి లాగడం?"

అత్తయ్య నన్ను పక్కకు జరిపి పెట్టె దగ్గరకు వచ్చారు.

"బతికున్నన్నాళ్ళూ నా గారెలకు వంకే పెట్టారు నాయనా. ఏడాదికి ఈ ఒక్క రోజే నోరు మెదపకుండా తింటారు. నువ్వు అడ్డం పడకు!"

ఫిన్లాండులో పెద్దగా నవ్వు వినబడింది. ఆ నవ్వు ఆగకముందే మా గ్రైండరు తిరగడం మొదలుపెట్టింది.