నలభై ఒకటో పాఠం

బకారీ కొట్టులో పాటలూ సినిమాలూ ఫోన్లోకి ఎక్కించి ఇస్తారు. రెండేళ్లుగా పాటలకంటే లెక్కల పాఠాలకే గిరాకీ.

బళ్లో ఫ్రెంచిలో ఎంత మొత్తుకున్నా బుర్రకెక్కని లెక్క, ఆ పాఠాల్లో ఎవరో అమ్మాయి ఇంట్లో మాట్లాడే బంబారాలో చెబితే ఇట్టే ఎక్కేది. ఆమె పేరేమిటో ఎవరికీ తెలియదు. కుట్యాలా ఊరి పిల్లలంతా టీచరమ్మ అనేవారు. మెమరీ కార్డు నుంచి కార్డుకీ, ఫోన్ నుంచి ఫోన్‌కీ ఊరంతా పాకాయా పాఠాలు.

ఎవరిదో తెలియని నంబరు నుంచి బకారీ ఫోన్‌కి నలభై వచ్చాయి. సంభావ్యత మీద చెబుతానన్న నలభై ఒకటోది మాత్రం రాలేదు.

సోమవారమే బాక్ పరీక్ష, బడి చదువుకి ఆఖరిది. నిరుడు సితాన్ సంభావ్యత దగ్గరే తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తామని ఇంట్లో తేల్చి చెప్పేశారు. అందుకే రోజూ వచ్చి కొట్టులో కాచుకుని కూర్చుంటోంది.

శుక్రవారం బకారీ నమాజుకు వెళ్తూ కొట్టు ఆమెకు అప్పగించాడు.

"కొత్తవాళ్ల కార్డు కంప్యూటర్లో పెట్టకు. పోయినసారి వైరస్ వచ్చి అన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి."

అతను అటు వెళ్లాడో లేదో, ఇటు ఒక పెద్దాయన బస్సు దిగి వచ్చాడు.

"బ... బకారీ ఉన్నాడా?"

"మసీదుకెళ్లాడండీ. మీ ఇంటిపేరు?"

"త్రా... త్రావొరే."

సితాన్ మొహం వెలిగిపోయింది. జారా ఇంటిపేరువాళ్లకీ త్రావొరేలకీ తరతరాల వేళాకోళం. ఎదురుపడితే బొబ్బర్ల తిండిపోతువని ఎగతాళి చేసుకోవాలి, గొప్పలు కొట్టుకోవాలి. కోపం తెచ్చుకున్నవాడే ఓడినట్టు.

అంతే, 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"అలాగా! నేను జారాని. మా ఊళ్లో బొబ్బర్లు మెక్కిపోదామని వచ్చావా?"

ఆయనా నవ్వాడు.

"నీ... నీకు లెక్కలు నేర్పిందే నేను. ఇంకొక్క పాఠం మి... మిగిలింది. ఇదిగో కార్డు, ఎక్కించు."

"అబ్బో! నీకు అక్షరాలు దిద్దించింది నేను. మర్చిపోయావా?"

"ని... నిజమేనమ్మా. మా ఊళ్లో ఫోన్ టవర్ కూలింది. అం... అందుకే బస్సులో..."

"చాల్లే, కొయ్యకు! మా టీచరమ్మ గొంతు వింటే నువ్వీ మాట అనవు. నువ్వు పాఠం చెబితే మొదటి లెక్క అయ్యేలోపు నా పరీక్ష అయిపోతుంది."

పక్క కొట్టువాళ్లు పగలబడి నవ్వారు. ఆయన మాత్రం ఈసారి నవ్వలేదు.

"ఒ... ఒక్కసారి పెట్టి చూడమ్మా."

"కొత్త కార్డు పెడితే బకారీ నా తోలు వలుస్తాడు. పో పో, ఇంట్లో నీ బొబ్బర్లు మాడిపోతుంటాయి!"

బయట బస్సు హారన్ కొట్టింది. తిరుగు బస్సు అదొక్కటే. ఆయన కార్డు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

బకారీ వచ్చాక జరిగిందంతా చెప్పి మళ్లీ నవ్వింది సితాన్. అతనూ నవ్వాడు.

సోమవారం సంభావ్యత మీద పెద్ద ప్రశ్నే వచ్చింది. సితాన్ మూడుసార్లు చదివింది. కింద ఒక్క ముక్కా రాయలేక, హాల్లోనే ఏడ్చేసింది.

బుధవారం ఆమె కొట్టులో ఉండగా ఒకమ్మాయి వచ్చి బకారీని అడిగింది.

"బకారీ అంటే మీరేనా?"

సితాన్ చివాలున లేచి నిలబడింది. రోజూ చెవిలో పెట్టుకుని విన్న గొంతది.

"టీచరమ్మా! ఎంత పని చేశారు! ఆ ఒక్క పాఠం ముందే ఎందుకు పంపలేదు?"

"నేను టీచర్ని కాదు, రాసింది చదువుతానంతే" అంటూ ఆ అమ్మాయి ఒక కార్డు తీసి బకారీ చేతిలో పెట్టింది. "పాఠాలన్నీ మా నాన్నవి, తన నత్తికి బళ్లో పిల్లలు నవ్వుతున్నారని ఉద్యోగం మానేశాడు, పరీక్షలోపు మీకు అందాలని శుక్రవారం ఈ కార్డు పట్టుకుని ఇక్కడికే వచ్చాడు."