పోలిక

"నేను కాదమ్మా. ఆ సెల్‌ఫోన్ల దుకాణం నారాయణగూడల ఏడ ఉంటదో గూడ నాకు ఎర్కలేదు."

రెండు రోజులుగా హనుమప్పది అదే మాట. ఠాణాలో ఆ మాట నమ్మింది లాయర్ వందన ఒక్కతే.

హనుమప్ప పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీ. అశోక్‌నగర్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్ దగ్గర భార్యతో కలిసి పని చేస్తాడు. దుకాణం కెమెరాలో చిక్కిన దొంగ ముఖాన్ని పోలీసులు కంప్యూటర్‌కు ఇచ్చారు. అది లక్షల ఫొటోలు వెతికి, హనుమప్ప కూలీ కార్డు మీది ఫొటోను బయటికి తీసింది. డెబ్బై తొమ్మిది శాతం పోలిక అంది. అంతే, తట్ట మోస్తున్నవాణ్ని మోస్తున్నట్టే జీపెక్కించారు.

ఎంత శాతం కలిస్తే మనిషిని లోపలేయొచ్చో ఏ చట్టంలోనూ రాసి లేదు. యంత్రం పొరబడితే జవాబు ఎవరు చెప్పాలో కూడా లేదు. దాని మీద హైకోర్టుకు వెళ్లాలని వందన రెండేళ్లుగా చూస్తోంది. ఇలాంటి కేసు మళ్లీ దొరకదు.

ఆ ఉదయం ఆమె ఎస్సై ముందు కాగితాలు పరిచింది.

"దొంగతనం పగలు పదకొండున్నరకు. ఆ రోజు ఎనిమిదింటి నుంచి ఆరింటి దాకా ఈయన పనిలోనే ఉన్నాడు. సైటులో వేలిముద్ర వేసిన హాజరు ఇది. ఫొటోలో ఉన్నవాడికి పాతికేళ్లు దాటవు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. ఈయనకు నలభై ఆరు. చెవి చూడండి, నిక్షేపంగా ఉంది. కూలీ కార్డు మీది ఫొటో పడుచు వయసులోది కాబట్టి మీ కంప్యూటర్ మోసపోయింది."

ఎస్సై తల గోక్కున్నాడు. "మెషీన్ గలత్ చెప్పినట్టుంది మేడమ్. నేను కాదని రాసిచ్చి వేలిముద్ర ఏస్తే ఇప్పుడే పంపిస్త."

వందన కాగితం హనుమప్ప ముందుకు జరిపింది.

"ఆ దొంగ ఫొటో జర నాకు సూపెట్టమ్మా," అన్నాడు హనుమప్ప. "నా లెక్క ఉన్నడంటున్రు. నేనైతే సూడలే."

నిజమే. ఈ రెండు రోజుల్లో అతనికి ఎవరూ చూపించలేదు. వందన ఫైల్లోంచి తీసి ఇచ్చింది.

అతను దాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. చీలిన చెవి మీద బొటనవేలు ఆనించాడు.

"ఇది ఎప్పటిదమ్మా?"

"మొన్న మంగళవారంది."

"మంగళారం..." అని గొణుక్కున్నాడు. తర్వాత ఎస్సై వైపు తిరిగాడు. "నేనే అని ఒప్పుకుంటే కేసు బందయితదా సార్?"

"అయితది. ఎందుకు?"

"నేనే సార్. ఫొటోల ఉన్నది నేనే."

"హనుమప్పన్నా!" వందన లేచి నిలబడింది. "నిన్ను ఎవరు బెదిరించారు? నాతో చెప్పు!"

అతను ఆమె ముఖం చూడలేదు. కేసు తెగితే చాలనుకున్న ఎస్సై రాయించిన ఒప్పుకోలు కాగితం మీద వేలు ఒత్తాడు. "ఈ ఫొటో నా దగ్గర ఉంచుకోవచ్చా సార్?" అని మాత్రం అడిగాడు. సాక్ష్యం కదా, ఎస్సై లాగేసుకున్నాడు.

వందన బయటికొచ్చి స్కూటీ ఎక్కింది. నేరం ఒప్పుకున్నవాడి పేరు పెట్టుకుని ఏ కోర్టు మెట్లెక్కాలి? కోపం, దుఃఖం రెండూ ముంచుకొచ్చాయి. తిన్నగా లోయర్ ట్యాంక్ బండ్ పక్క బస్తీకి వెళ్లింది.

రేకుల గది ముందు హనుమప్ప భార్య బాలనాగమ్మ ఎదురుచూస్తోంది.

"ఒప్పుకున్నడా? ఎందుకొప్పుకుంటడమ్మా! ఆ దినమంత నా పక్కన్నే ఇసుక మోసిండు."

"నాకూ అదే అర్థం కావట్లేదు." వందన తన ఫోన్‌లో ఉన్న దొంగ ఫొటో తెరిచి ఆమె ముందు పెట్టింది. "నువ్వే చూడు. ఇతను మీ ఆయనేనా?"

బాలనాగమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. వేళ్లతో ఆ చెంప, చీలిన చెవి నిమిరింది. వేళ్లు తగిలి ముఖం ఇంకా పెద్దదయింది.

"పద్దెనిమిదేండ్ల కింద కోఠిల నా చెయ్యి జారి తప్పిపోయిండమ్మా," అంది, "నా కొడుకు సంతోషు."