రెండో కేసు

“నీ పెళ్ళానికిది రెండో కేసు కదా బాబూ?”

కోర్టు వరండాలో వెనకనుంచి ఎవరో అడిగేసరికి అర్జునరావు ఉలిక్కిపడ్డాడు.

మాసిన చొక్కా, నెరిసిన గడ్డం. ముక్కూ మొహం తెలియని మనిషి.

“అయితే నీకేటి?”

“ఆయమ్మ సేత తప్పు ఒప్పించకు. వకీలుని ఎట్టుకుంతాం, వాయిదా ఇవ్వండని అడగమను.”

అర్జునరావు మొహం తిప్పుకున్నాడు.

పక్కన బెంచీ మీద అతని భార్య గౌరీశ్వరి కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. పూర్ణా మార్కెట్ దగ్గర బట్టల కొట్లో పిల్లకని ఓ గౌను సంచిలో వేసుకుంటూ దొరికిపోయింది. నిరుడు ఇలాగే ఓ ఫ్యాన్సీ షాపులో దొరికితే, తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉన్నారు.

ఈసారీ అంతేనని అతని ధైర్యం. మూడేళ్ళ పిల్లని దువ్వాడలో పక్కింటి నారాయణమ్మకి అప్పజెప్పి వచ్చారు. అతనిది ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడిలో కూలిపని. ఇంకొక్క నాగా పెడితే మేస్త్రి పనిలోంచి తీసేస్తాడు.

అయినా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

ఆ మనిషి మళ్ళీ దగ్గరికొచ్చాడు.

“రెండోసారి జరిమానాతో పోదు బాబూ. పాత కేసు బయటికి తీత్తారు. జైలే.”

గౌరీశ్వరి వేలికి చుట్టిన కొంగు వదిలేసింది. “ఏటంతన్నాడు బావా?”

“నువ్వూరుకో.”

అటుగా పోతున్న కానిస్టేబులు నవ్వాడు. “ఏరా గురువులూ, మళ్ళీ వచ్చీసేవా?”

పోలీసులు పేరు పెట్టి పిలిచే మనిషి! అర్జునరావు చెయ్యి జేబు మీదకి వెళ్ళింది.

“నువ్వూ దొంగవేనేటి?”

“ఒకప్పుడు,” అన్నాడు గురువులు.

“దొంగెదవ్వి, నాకు సెప్పొచ్చీవా! అవతలికి పో!”

భుజం పట్టుకుని తోసేశాడు. గురువులు మెట్ల మీద కూలబడ్డాడు. లేచి, మోచేయి తుడుచుకున్నాడు.

“వాయిదా అడుగమ్మా,” అన్నాడు గౌరీశ్వరితో.

అంతలో లోపల పేరు పిలిచారు.

“ఏటి సెప్పమంతావు బావా?” లేస్తూ అడిగింది గౌరీశ్వరి.

“ఒప్పేసుకో. ఇంటికెల్లిపోదాం.”

ఒప్పేసుకుంది.

మేజిస్ట్రేటు కాగితం తిరగేసి, నిరుడు పడ్డ శిక్ష నిజమేనా అని అడిగాడు. దానికీ అవునంది.

“ఆరు నెలల కఠిన కారాగార శిక్ష.”

జరిమానా ఎంతో చెబుతారని అర్జునరావు ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఆడ పోలీసు వచ్చి గౌరీశ్వరి చెయ్యి పట్టుకున్నాక గానీ అతనికి అర్థం కాలేదు.

“బావా, పిల్ల...”

ఆ మాట పూర్తి కాకుండానే ఆమెని తీసుకుపోయారు.

అర్జునరావు బయటికి పరుగెత్తాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

“ఇందాకటి ముసలాయనేడండీ?” అని కానిస్టేబుల్ని పట్టుకున్నాడు.

“పక్క కోర్టుకెల్లుంటాడు.” కానిస్టేబులు ఈసారి నవ్వలేదు. “రెండో కేసులో ఒప్పేసుకుని ఆడు లోపలుండగా, ఇంటికాడ పెళ్ళాం పురిట్లో పోయింది, అప్పట్నుంచీ రోజూ భీమిలి మొదటి బస్సుకొచ్చి, మమ్మల్నడిగి నీలాంటోళ్ళని ఎతికి ఎతికి ఈ ఒక్కమాటే సెప్పి పోతంటాడు.”