డోలు మీద గోరింక

“నీలాంటి వెధవల వల్లే కదరా, లుక్యాన్ లాంటి వాళ్ళు చచ్చిపోతున్నారు!”

బీట్‌రూట్ అని పిలిచే కుర్రాడు తిట్టింది మనిషిని కాదు, డోలును. పారిపోయినవాడు ఎదురుగా దొరకడు కదా. అందుకే వాడి డోలు ముందు నిలబడి, నల్లరంగు డబ్బా పట్టుకుని అరుస్తున్నాడు.

డోలు మీద ఒక గోరింక బొమ్మ ఉంది. ముక్కు తెరిచి, గొంతెత్తి కూస్తున్న గోరింక.

జితోమిర్ స్టేడియంలో గ్యాలరీ కింద, జట్టు అభిమానులు జెండాలు దాచుకునే గది అది. యుద్ధం వచ్చాక బాంబు షెల్టరు కూడా అదే. కాసేపట్లో ఫుట్‌బాల్ మ్యాచ్. గోడకు ఆనించిన దుప్పటి బ్యానరు మీద పెద్ద అక్షరాలు ఇంకా రంగు వాసన వేస్తున్నాయి: ‘లుక్యాన్ బొయ్‌చుక్, నిన్ను మరిచిపోం’.

ఆ గ్యాలరీ కుర్రాళ్ళకు పేర్లుండవు. పేరు అడిగినవాడు పోలీసోడని లెక్క. ఎర్రముఖం వాడు బీట్‌రూట్. బక్కగా, పొడుగ్గా ఉన్నవాడు మేకు. డోలు కొడుతూ ఈల వేసేవాడు గోరింక. ఏళ్ళ తరబడి భుజం భుజం రాసుకుని గొంతు చించుకున్నవాళ్ళే. అయినా ఒకడి ఇల్లు ఇంకొకడికి తెలియదు. అదో గొప్ప వాళ్ళకి.

“వదిలెయ్ అన్నా,” అన్నాడు మేకు. “ఆ బొమ్మ వాడే గీసుకున్నాడు. చలికాలం డోలు పాడవుతుందని ఇంటికి మోసుకుపోయేవాడు.”

“వాడు పారిపోయాడని చెప్పింది నువ్వే కదరా!”

మేకు తల దించుకున్నాడు. చెప్పింది తనే. యుద్ధం మొదలైన కొత్తల్లో బస్టాండు దగ్గర చూశాడు. ఆడవాళ్ళతో, పిల్లలతో కిక్కిరిసిన వ్యాను. దాని పక్కన భుజాన సంచితో గోరింక.

“ఎక్కడికిరా?” అని అడిగాడు.

“పడమరకి,” అని నవ్వాడు గోరింక. “నా డోలు తడవకుండా చూడు.”

ఆ కబురు గ్యాలరీ అంతా పాకింది. మగవాళ్ళు దేశం దాటకూడదని ఆజ్ఞ ఉన్నా, ఆడాళ్ళ మధ్య దూరి సరిహద్దు దాటాడన్నారు. ఒకసారి ఫోన్ చేస్తే మోగలేదు. మళ్ళీ ఎవరూ చెయ్యలేదు. మొన్నటి మ్యాచ్‌లో పక్క ఊరి జట్టు అభిమానులు పాట కట్టి మరీ పాడారు: “మీ డోలు వాడెక్కడ? వార్సాలో గిన్నెలు కడుగుతున్నాడు!” గ్యాలరీ మొత్తం సిగ్గుతో చచ్చిపోయింది. ఆ పూట డోలు కొట్టడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు.

“ఒక్కడి వల్ల అందరికీ తలవంపులు,” అన్నాడు బీట్‌రూట్. “అటు చూడు, మగాడంటే వాడు!”

లుక్యాన్‌ది అని వలంటీర్లు పంపిన ఫొటో బ్యానరు పక్కనే అంటించి ఉంది. ఈ ఊరివాడేనట, అంతకుమించి వాళ్ళకేమీ తెలియదు. హెల్మెట్, ముఖానికి కట్టుకున్న గుడ్డ. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఖార్కివ్ వైపు ఊళ్ళలో చిక్కుకున్న ముసలివాళ్ళను వ్యానులో బయటికి చేరవేసేవాడట. నడవలేని ముసలమ్మ ఒకావిడ మిగిలిపోయిందని వెనక్కి వెళ్ళాడు. వ్యాను మీద డ్రోను పడింది.

“ఆ కళ్ళు చూడు. అలాంటివాడు మన గ్యాలరీలో ఒక్కడుంటే చాలురా, తలెత్తుకు తిరిగేవాళ్ళం!”

బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఉద్యోగం అడ్డుపెట్టుకుని సైన్యం పిలుపు తప్పించుకున్నవాడు బీట్‌రూట్. పిరికివాళ్ళను కనిపెట్టడంలో ఇంట్లో కూర్చున్నవాళ్ళను మించిన మొనగాళ్ళు ఎక్కడా ఉండరు.

కుంచె ముంచాడు. గోరింక ముక్కు పోయింది. కళ్ళు పోయాయి. రెక్కలు పోయాయి. తోక ఒక్కటే మిగిలింది.

అప్పుడే సైరన్ మోగింది.

జనం మెట్లు దిగి లోపలికి వచ్చారు. గేటు దగ్గర పనిచేసే అతను ఒక పెద్దావిడను చెయ్యి పట్టుకుని తెచ్చాడు.

“లుక్యాన్ వాళ్ళమ్మ. బ్యానరు చూడటానికి పిలిపించాం. జాగ్రత్తగా కూర్చోబెట్టండి.”

అంతా లేచి నిలబడ్డారు. నములుతున్న పొద్దుతిరుగుడు గింజలు మింగేశారు. బీట్‌రూట్ రంగు చేతులు వెనక్కి దాచుకుని, బెంచీ చూపించాడు. మేకు ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు.

“అమ్మా, మీ ముందు నిలబడటానికే సిగ్గుగా ఉంది మాకు,” అన్నాడు బీట్‌రూట్. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆవిడ టీ తాగలేదు. ఒక్కొక్కరి ముఖం తీరిగ్గా చూసింది.

“మట్టి చేసిన రోజు మా వాడి స్నేహితులు వస్తారనుకున్నాను బాబూ. భోజనాలకని బల్ల నిండా పళ్ళేలు సర్దాను. ఒక్కళ్ళూ రాలేదు.”

“ఛీ! వాళ్ళేం స్నేహితులమ్మా?” అన్నాడు బీట్‌రూట్. “సిగ్గులేని జన్మలు!”

ఆవిడ చూపు డోలు మీద ఆగిపోయింది. గ్లాసు పక్కన పెట్టి, లేచి దగ్గరికి వెళ్ళింది.

“ముట్టుకోకండమ్మా, రంగు పచ్చిగా ఉంది,” అన్నాడు మేకు.

“అది పిరికిపంద డోలమ్మా,” అన్నాడు బీట్‌రూట్. “యుద్ధం రాగానే పారిపోయాడు. మీ అబ్బాయి పేరు మోగే చోట వాడి గుర్తు ఉండకూడదని చెరిపేస్తున్నాం.”

ఆవిడ మిగిలిన తోక మీద వేలు పెట్టింది. తలగుడ్డ విప్పి, మేకు చేతికిచ్చింది.

“ఆ గోరింకను మా లుక్యాన్ మా వంటింట్లో కూర్చుని గీశాడు బాబూ, రంగు ఆరకముందే తుడవండి.”