నడుము ఎత్తు మరక

ఇంట్లో అడుగు పెట్టగానే సర్వేయరు జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

వరద బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేయడానికి వచ్చే మనిషి ఆయన. తడిసిన పరుపును ఎండబెట్టుకోమని సలహా ఇచ్చి, కూలిన గోడ వరదకు ముందే కూలిందని తేల్చి వెళ్ళిపోతాడు. ఆఫీసులో చాటుగా అందరూ 'సున్నాగారు' అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా.

ఏటిగట్టు తెగి వారం కాలేదు. ఊళ్ళోకి రాగానే మొదట కనబడింది ఈ దర్జీ ఇల్లే. ఊరు మొత్తానికీ ఎత్తయిన ఇల్లు. మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. ఇంత ఎత్తు ఇంటికి నష్టమేమిటి, ఏదో నాటకమై ఉంటుంది, ఓ సున్నా చుట్టేసి దిగిపోదాం అనుకుంటూనే ఎక్కాడు. లోపల చూశాక ఆ సున్నా సంగతే మరిచిపోయాడు.

ముందుగది గోడలకు చుట్టూ నడుము ఎత్తున మట్టి మరక. గుమ్మానికి తలుపు లేదు. కుట్టు మిషను ఓ పక్కకు ఒరిగిపోయి ఉంది. పెడలు విరిగింది. బెల్టు జాడే లేదు.

"తలుపేది?"

దర్జీ నోరు తెరవబోయాడు. భార్య మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"మీరు ఊరుకోండి, నేను చెబుతాగా" అని సర్వేయరు వైపు తిరిగింది. "నా కళ్ళ ముందే ఈ గుమ్మంలోంచి బయటికి పోయింది సార్. ఆపుదామంటే నా ఒక్కదానివల్ల అవుతుందా?"

"అది కాదే..." అన్నాడు దర్జీ.

"ఆ రోజు నుంచీ ఇంతే సార్. మనిషి మనిషిలో లేడు."

సర్వేయరు తలూపాడు. టేపు తీసి మరక ఎత్తు కొలుచుకున్నాడు.

పడకగదిలో మంచం నడిమికి విరిగి ఉంది. గచ్చు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. మూలల్లో చీలమండ మునిగేంత బురద. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన చాలా వరద బురదలు తొక్కాడు గానీ, ఇంత కంపు కొట్టే బురద ఎక్కడా చూడలేదు. ఏయే కాలువలు కలిశాయో ఏమో అనుకుని రుమాలు ఇంకాస్త గట్టిగా నొక్కుకున్నాడు.

వంటింట్లో డబ్బాలన్నీ మూతలూడి బోర్లా పడి ఉన్నాయి.

"ఏడాదికి సరిపడా పోసి పెట్టుకున్నాం సార్. గింజ మిగల్లేదు. మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది" అంది ఆమె.

"కుట్టమని జనం ఇచ్చిన బట్టలు?"

"వాటి సంగతి అడక్కండి. నిన్న వీధి చివర ఒక చొక్కా కనబడింది. నేను కాజాలు కుట్టిన చొక్కా. చూసి ఏడుపాగలేదనుకోండి."

సర్వేయరు తలెత్తాడు. అటక చెక్క ఒకటి విరిగి వేలాడుతోంది.

"అటక కూడానా?"

"అటకనైనా వదిలితేగా సార్!"

ఆయన గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఊరికంతా ఎత్తయిన ఇల్లే ఇలా అయితే, కింద ఉన్నవాళ్ళ గతి ఏమిటి? అసలు మనుషులు మిగిలారా? వచ్చేటప్పుడు వీధిలో పిల్లలు గోళీలాడుతూ కనబడ్డారు. పసివాళ్ళకేం తెలుస్తుంది పాపం అనుకున్నాడు.

"ఏటేటా బీమా కట్టాం సార్, ఒక్కసారి తప్పలేదు" అన్నాడు దర్జీ, ముగ్గురూ ముందుగదిలోకి తిరిగొచ్చాక మిషను మీద చెయ్యి వేసి. "ఇది బాగుపడకపోతే మా పొయ్యి వెలగదు."

ఈ ముక్కకు మాత్రం భార్య అడ్డు రాలేదు.

సర్వేయరు కాగితం మీద 'పూర్తి నష్టం' అని రాశాడు. అలవాటు లేని మాట కావడంతో అక్షరాలు ఒకసారి సరిచూసుకున్నాడు. రాశాక మాత్రం ఒళ్ళు తేలికైనట్టనిపించింది. ఆఫీసులో ఈ కాగితం చూసి ఎందరు కళ్ళు నులుముకుంటారో తలుచుకుంటే నవ్వు కూడా వచ్చింది.

"భయపడకండి, నేనున్నాను" అన్నాడు. ఆ మాట తన నోట వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

ఆమె కళ్ళు చెమర్చాయి. "ఒక్క నిమిషం సార్, పక్కింట్లోంచి టీ తెస్తాను. ఆమాత్రం టీ ఇవ్వడానికి వాళ్ళకేం రోగం?" అంటూ గబగబా మెట్లు దిగి వెళ్ళింది. వెళ్ళేముందు మొగుడికి ఓ చూపు విసిరింది. కానీ దర్జీ మిషను చక్రం తిప్పి చూసుకుంటున్నాడు.

ఇప్పటిదాకా మాట్లాడనివ్వని మనిషి పక్కన లేకపోయేసరికి దర్జీకి ఊపిరాడినట్టయింది. పాపం, అబద్ధం ఆడటం చేతగాని మనిషి. ఆమె కూడా ఇందాకటి నుంచి ఒక్క అబద్ధం ఆడలేదు, ఆ మాటకొస్తే.

"ఇంకొక్కటే మిగిలింది" అన్నాడు సర్వేయరు పెన్ను సిద్ధం చేసుకుని. "ఇది సరిగ్గా చెప్పండి. నీళ్ళ వల్ల జరిగిన నష్టానికే మా కంపెనీ డబ్బిస్తుంది. ఇంట్లో నీళ్ళు ఎంతసేపు నిలిచాయి?"

"నీళ్ళు కింది మెట్ల దగ్గరే ఆగిపోయాయండీ, ఇంట్లోకి వచ్చింది పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో సహా ఊరంతానూ."